ఆగి ఆగి వచ్చే కరెంటు

టెస్టర్‌లో బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. మా బావకు తెలిసిన కరెంటు శాస్త్రం అంతే. అందరూ చొక్కా జేబుకు పెన్ను తగిలించుకుంటే ఆయన టెస్టర్ తగిలించుకుంటాడు. ఊళ్లో ఎవరి మోటారు ఆగినా ముందు ఆయన్నే పిలుస్తారు. ఐటీఐ చదివి, పటాన్‌చెరు కంపెనీలో పదకొండేళ్లుగా మెయింటెనెన్స్‌లో ఉన్న నన్ను మాత్రం "మా బామ్మర్ది. స్క్రూలు బిగిస్తడు" అని పరిచయం చేస్తాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వినట్టే మొహం పెడతాను కానీ లోపల ఒళ్లు మండిపోతుంటుంది.

ఆయనంటే నాకు పడదు. అక్క పెళ్లయిన ఏడాది నుంచే పడదు. నేను ఐటీఐలో చేరతానన్నప్పుడు మా నాన్న దగ్గర కూర్చుని, "వీనికి తీగలు పట్టుడు నేర్పనీకి ఫీజెందుకు మామా, నా ఎంబడి పంపు, నెల రోజులల్ల నేర్పిస్త" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆయన మాత్రం అన్న మర్నాడే మరిచిపోయి ఉంటాడు.

అక్క వాళ్ల ఊరు కొండాపూర్ మండలంలో ఉంది. వాగు పక్కన రెండెకరాలకు పైగా మక్క చేను. చేనుకు ఒక పక్క వాగు, ఇంకో పక్క తుప్పలు పెరిగిన గుట్ట. గుట్ట మీద అడవి పందులు. మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో అవి దిగాయంటే తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. మూడేళ్లుగా బావ వాటితో పోరాడుతున్నాడని తెలుసు. ఎట్లా పోరాడుతున్నాడో మాత్రం ఒక ఆదివారం నేనుండే ఇస్నాపూర్ నుంచి బండి మీద వెళ్లి, అక్కతో కలిసి చేను దాకా నడిచినప్పుడు తెలిసింది.

చేను చుట్టూ కట్టెలు పాతి ఉన్నాయి. కట్టెకు సైకిల్ ట్యూబ్ ముక్కలు చుట్టి, వాటి మీదుగా ఉత్త బైండింగ్ వైరు లాగి ఉంది. ఇంటి స్లాబుకు ఊచలు కట్టగా మిగిలిన వైరు, సగానికి సగం తుప్పు. ఒడ్డు కింద ఒక కుక్క ఉబ్బిపోయి పడి ఉంది. వాసన అప్పటికే మొదలైంది. నేను వైరు వెంట చూపు పోనిస్తే అది నేరుగా మోటారు స్టార్టర్ డబ్బాలోకి వెళ్లింది.

"ఇది డైరెక్ట్ లైనా?" అన్నాను.

అక్క వైరుకు నాలుగు అడుగుల దూరంలోనే ఆగిపోయింది. "పొద్దుగూకినంక ఏస్తడు తమ్మీ. తెల్లారి ఆయన ఒచ్చి బంద్ జేసి, ఇంటికొచ్చి చెప్పినంకనే నేను గడ్డికి కదుల్త. ఒక్కొక్కపారి ఆయన మర్లవడి పంటడు. గప్పుడు బర్రె అరుస్తుంటది, నేను గడపల కూసుంట" అంది.

గొంతులో ఫిర్యాదు లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. నా అక్క ప్రాణం రోజూ పొద్దున ఒక మనిషి నిద్ర లేచే టైము మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇంటికొచ్చి బావతో గొడవపడ్డాను. కుక్క బదులు మనిషి పడితే ఏం చేస్తావని అరిచాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే, "మూడేండ్ల సంది పడ్డరా ఎవలన్న?" అన్నాడు. "పంది సావాలంటే కరెంటు గట్లనే ఉండాలె. నీ కంపెనీల ఫ్యాను తిరగనీకి ఇచ్చే కరెంటు గాదు ఇది."

"చంపకుండ కొట్టే మిషన్ ఉంటది. నేను జేసిస్త. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడుస్తది. లైనుతోటి పనే లేదు."

ఆయన గట్టిగా నవ్వాడు. "పన్నెండు వోల్టులా? గా వోల్టుల మీద నా బండి హారనే సక్కగ మోగది. పందులకు గిలిగింతలు పెడ్తవా, ఇంజినీర్ సాబ్?"

అక్క కోసం ఆ మిషన్ చేశానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. సగం అబద్ధం. ఆ నవ్వు ఆపించాలని చేశాను.

ఇస్నాపూర్‌లో నాది ఒకటే గది. మంచం కింద పాత సామాన్ల డబ్బా ఉంటుంది. అందులో చచ్చిపోయిన యూపీఎస్ ఒకటి దొరికింది. దాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది. అయితే బ్యాటరీ కరెంటు ఊగదు, ఎప్పుడూ ఒకే వైపు పారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అది పనికిరాదు. దానికి అటూ ఇటూ ఊగే కరెంటు కావాలి. అందుకని రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, ఒకటి మూసుకున్నప్పుడు ఇంకోటి తెరుచుకునేలా చేసి, ఆ పన్నెండు వోల్టులను సెకనుకు ఎన్నోసార్లు తెంపాలి. అట్లా తెంపిన కరెంటును తక్కువ చుట్లున్న వైపు ఇస్తే ఎక్కువ చుట్లున్న వైపు రెండు మూడు వందల వోల్టుల కరెంటు వస్తుంది. దాన్ని మళ్లీ ఒక దారికి తెచ్చి కెపాసిటర్‌లో నింపుకోవాలి, బిందెలో నీళ్లు పట్టినట్టు. బిందె నిండగానే ఒక్కసారిగా మోటర్‌సైకిల్ ఇగ్నిషన్ కాయిల్‌లోకి కుమ్మరించాలి. అప్పుడు కాయిల్ అవతలి కొస నుంచి వేల వోల్టుల దెబ్బ వస్తుంది.

వేల వోల్టులైనా అది కన్ను మూసి తెరిచేంత సేపు కూడా ఉండదు. మళ్లీ బిందె నిండడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో పంది వెనక్కి దూకుతుంది, మనిషి చెయ్యి లాక్కుంటాడు. లైను కరెంటు అట్లా వదలదు, పట్టుకుంటే పట్టుకున్నట్టే. మిషన్ పనితనమంతా ఆ సెకను ఖాళీలో ఉంది.

చెప్పినంత సులువుగా మాత్రం అవలేదు. మొదటి రెండు ట్రాన్సిస్టర్లు స్విచ్ వేసిన నిమిషంలోనే కాలాయి. తర్వాతి రెండు ఇంకా తొందరగా కాలాయి. ఇంటి ఓనరమ్మ తలుపు కొట్టి, "ఏంది వాసన? కిరాయికి రూమిచ్చింది పండనీకి, కంపెనీ పెట్టనీకి గాదు" అంది. కంపెనీ మీటరు అడక్కుండా తెచ్చి కాయిల్ కొసకు పెట్టాను. టప్పుమని దాని ముల్లు ఒక మూలకు పోయి అక్కడే ఉండిపోయింది. మర్నాడు దాన్ని ఎక్కడ ఉన్నదక్కడ పెట్టి ఏమీ ఎరగనట్టు తిరిగాను. ఇంకో ఆదివారం బ్యాటరీ తీసేసి, ఇక భయం లేదనుకుని కెపాసిటర్ కాళ్లు పట్టుకున్నాను. అది అప్పటికీ నిండుగానే ఉంది. మోచేతి దాకా కొట్టింది, తల వెళ్లి గోడకు తగిలింది. నేల మీద కూర్చుని బావను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనకు ఇందులో ఏ సంబంధమూ లేదని తెలిసే తిట్టాను.

ఐదో వారానికి తప్పు దొరికింది. రెండు ట్రాన్సిస్టర్లూ మారే చోట ఒక క్షణం రెండూ తెరుచుకుని ఉంటున్నాయి. నడుమ చిన్న ఖాళీ పెట్టాను. అప్పుడు టిక్కు, టిక్కు, టిక్కు మని సెకనుకొకసారి కాయిల్ కొసన నీలం రంగు రవ్వ దూకింది. గోరంత దూరం దూకింది. నేను గదిలో ఒక్కడినే ఉండి చప్పట్లు కొట్టాను.

ఆదివారం మిషన్ తీసుకుని ఊరికి పోయాను. డైరెక్ట్ లైను పీకేశాను. మోటారు దగ్గర తడి ఉన్న చోట ఇనుప ఊచ పాతి ఎర్త్ ఇచ్చాను. ఆ తుప్పు పట్టిన వైరు మారుద్దామంటే బావ ఒప్పుకోలేదు. "వైరు మంచిగనే ఉన్నది, నీ డబ్బ సంగతి సూడు" అన్నాడు. పక్క చేన్ల వాళ్లు ముగ్గురు వచ్చి ఒడ్డు మీద నిలబడ్డారు. వాళ్లను ఆయనే పిలిపించాడు. నేను ఓడిపోతుంటే చూడటానికి సాక్షులు కావాలి కదా.

స్విచ్ వేశాను. డబ్బా టిక్కు టిక్కు మంది. బావ జేబులోంచి టెస్టర్ తీసి వైరుకు ఆనించాడు. బల్బు వెలిగింది, ఆరింది. వెలిగింది, ఆరింది. ఆయన మెల్లగా తల ఊపి వాళ్ల వైపు తిరిగి, "లూజ్ కాంటాక్ట్" అన్నాడు.

ముగ్గురూ నవ్వారు. తర్వాత ఆయన ప్లాస్టిక్ చెప్పులతో ఎండిన ఒడ్డు మీద నిలబడి వైరు ముట్టుకున్నాడు. "చీమ కుట్టినట్టు గూడ లేదు."

"చెప్పులిడిసి, తడిల నిలవడి ముట్టుకో బావా" అన్నాను.

అందరూ చూస్తున్నారు కాబట్టి ఆయనకు తప్పలేదు. చెప్పులు విడిచి, మోటారు పక్క బురదలోకి దిగి వైరు మీద వేలు పెట్టాడు. మరుక్షణం "అవ్వా!" అని కేకవేసి వెనక్కి పడి, బురదలో కూర్చున్నాడు. ఇప్పుడు ఆ ముగ్గురూ ఆయన్ను చూసి నవ్వారు. అందరికంటే గట్టిగా, అందరికంటే ఎక్కువసేపు నేను నవ్వాను. ఇన్నేళ్లలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

బావ లేచి పంచె దులుపుకున్నాడు. మొహం నల్లబడింది. "దెబ్బ ఉన్నది గని, ఆగి ఆగి వస్తుంది. లోపల ఏడన్న లూజున్నదా?" అన్నాడు. ఈసారి వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు. తెలుసుకోవాలనే అడిగాడు.

రెండు మాటలు చాలు. అట్లా ఆగడమే దాని పని, ఆ ఖాళీ వల్లే చావు లేదు అని చెప్తే అయిపోయేది. నేను చెప్పలేదు. "నీకు జెప్పినా సమజ్ గాదు" అన్నాను. పక్క చేన్ల వాళ్లు వినాలని కాస్త గట్టిగానే అన్నాను.

అక్కకు మాత్రం పక్కకు తీసుకుపోయి ఓపిగ్గా చెప్పాను. చెయ్యి వెనక భాగంతో ఒకసారి ముట్టించాను కూడా. ఆమె మొదట నా భుజం గట్టిగా పట్టుకుంది. దెబ్బ తగలగానే చెయ్యి లాక్కుని, చెయ్యి ఊపుకుంటూ చిన్నపిల్లలా నవ్వింది. "గింతేనా?" అంది.

"గింతే. టిక్కు టిక్కు మంటే నడుస్తున్నట్టు. సప్పుడు లేకుంటే బ్యాటరీ అయిపోయినట్టు, గప్పుడు ఉత్త తీగనే. ఇగ ఆయన లేసేదాక నువ్వు కూసునే పని లేదు. నీకు ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పో."

రెండు వారాలకు పైగా ఒక్క పంది రాలేదు. ఫోన్‌లో అక్క గొంతు మారింది. తెల్లారకముందే గడ్డి కోసుకొస్తోంది, ఎండ ముదరకముందే ఇంటి పని అయిపోతోంది. నేను కంపెనీలో ప్యానెల్ ముందు నిలబడి కూడా ఆ గొంతు గుర్తు చేసుకుని మురిసిపోయేవాణ్ణి.

తర్వాత బావ ఫోన్ చేశాడు. "వాగు దిక్కు నుంచి జొచ్చినయ్. నీ మిషన్ ఖరాబైంది."

నాకు వెంటనే అర్థమైంది. వాగు పక్కన తడికి గడ్డి పెరిగి వైరుకు తగులుతోంది, దెబ్బంతా గడ్డిలోంచి భూమిలోకి పోతోంది. "గడ్డి కొయ్యి, మంచిగైతది" అన్నాను.

"గడ్డి గాదు. టెస్టర్ల ఇంక ఆగి ఆగే వస్తుంది. లూజ్ కాంటాక్టే. ఒచ్చి సరిజెయ్యి."

"లూజ్ గీజ్ ఏం లేదు. నేను రాను" అని ఫోన్ పెట్టేశాను. రెండోసారి కూడా చెప్పలేదు. ఆయన మళ్లీ చేస్తే ఫోన్ ఎత్తలేదు కూడా.

నాలుగు రోజుల తర్వాత పొద్దున షిఫ్టులోకి వెళ్లబోతుంటే మళ్లీ ఆయన ఫోన్. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. "మీ అక్కకు కరెంటు కొట్టింది. సంగారెడ్డి దవాఖానకు రా" అన్నాడు. అంతే అన్నాడు. ఆ గొంతు ఆయనది అనిపించలేదు.

జరిగింది ఇది. బావ రెండు రోజులు డబ్బా విప్పి, తెలిసిన ప్రతి స్క్రూ బిగించాడు. బల్బు ఆరి వెలగడం మానలేదు. కరెంటు ఆగకుండా రావాలంటే మిషన్‌కు సపోర్ట్ కావాలని తనకు తానే తేల్చుకున్నాడు. ముందు రోజు సాయంత్రం స్టార్టర్ డబ్బాలోంచి మళ్లీ లైను తెచ్చి అదే వైరుకు కట్టాడు. టెస్టర్ పెట్టి చూసుకున్నాడు. ఈసారి బల్బు నిలకడగా వెలిగింది. సరైందనుకున్నాడు. ఎప్పటిలాగే పొద్దున తానే వచ్చి బంద్ చేద్దామనుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. మెయిన్ లైను ఎదురు తగలడంతో నా మిషన్ కాలిపోయింది.

అక్క మాత్రం ఇప్పుడు ఎవరూ లేచేదాకా ఆగదు కదా. కొడవలి, తట్ట తీసుకుని ముందే బయల్దేరింది. డబ్బా దగ్గర చెవి పెట్టి వింది. టిక్కు లేదు. బ్యాటరీ అయిపోయిందనుకుంది. కింద నుంచి దూరడానికి వైరు ఎత్తబోయి పిడికిలితో పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కాళ్లు పట్టుతప్పి ఆమె పడిపోతే ఆ బరువుకు లైను వచ్చే వైపు తుప్పు పట్టిన ముడి దగ్గర వైరు తెగింది. అందుకే బతికింది. బావ తెలివీ కాదు, నా తెలివీ కాదు. తుప్పు వల్ల బతికింది.

దవాఖాన వరండాలో నేను బావ కాలర్ పట్టుకున్నాను. చంపబోయినవని అరిచాను. వార్డులో వాళ్లు బయటికొచ్చి చూశారు. ఆయన నా చెయ్యి విడిపించుకోలేదు.

"నువ్వు మిషన్ తేకముందు ఆమె గా తీగ దిక్కు సూడనన్న సూడకపోయేది" అన్నాడు. "ముట్టుకో, ఏం గాదు అని నేర్పింది ఎవలు?"

"అది ఆగి ఆగి వస్తది కాబట్టి ఏం గాదు! గట్ల ఆగుడే దాని పని! లూజ్ కాంటాక్ట్ గాదు అది!"

"మరి గీ ముక్క నేను అడిగిననాడు ఎందుకు జెప్పలే?" అన్నాడు.

కాలర్ మీది చెయ్యి దానంతటదే జారింది. ఆనాడు బురదలో పడిన మనిషి లేచి అడిగితే, నవ్విన నోటితో చెప్పబుద్ధి కాలేదు. అదీ నిజం. అయినా ఆయన మీద కోపం తగ్గలేదు. నా మీద కోపం దానికి తోడైంది, అంతే.

అక్క పదిహేను రోజులు దవాఖానలో ఉంది. కుడి అరచెయ్యి కాలింది. రెండు వేళ్లు ఇక పూర్తిగా ముడుచుకోవని డాక్టరమ్మ చెప్పింది. ఆ పదిహేను రోజులూ నేనూ బావా మంచానికి చెరో పక్కన కూర్చున్నాం. బావ బిస్కెట్ ప్యాకెట్ తెస్తే నేను పళ్లు తెచ్చాను. నేను చాయ్ తెస్తే ఆయన పాలు తెచ్చాడు. అక్క ఎవరు తెచ్చిందీ ముట్టలేదు. పక్క మంచం ముసలామె పెట్టిన గటక జావే తాగింది.

డిశ్చార్జి అయిన రోజు ఆటో ఊళ్లోకి రాగానే ఆమె ఇంటి దగ్గర ఆపనివ్వలేదు. "చేను కాడికి పోనియ్యి" అంది. అక్కడ దిగి, మోటారు దగ్గరికి నడిచి, మెయిన్ స్విచ్ తానే కింద పడేసింది. పడేసి మళ్లీ ఒకసారి చూసుకుంది. తర్వాత నా వైపు ఎడమ చెయ్యి చాచి, "కట్టర్ ఇయ్యి" అంది. నా సంచిలో ఎప్పుడూ ఉంటుందని ఆమెకు తెలుసు.

ఇచ్చాను. ఆమె కట్టె కట్టె దగ్గర ఆగి, ఎడమ చేత్తో, అలవాటు లేని చేత్తో, వైరు తెంపుకుంటూ పోయింది. నేను సాయం పట్టబోయాను. "జరుగు" అంది. బావ పట్టబోయాడు. ఆయనకు ఆ మాట కూడా దక్కలేదు, ఒక చూపు దక్కింది. మక్క అప్పటికి కంకులు తిరిగి గింజ పడుతోంది.

"ఇగ పందులు దోస్కపోతయ్" అన్నాడు బావ, నేలను చూస్తూ.

ఆమె ఆగింది. కట్టు కట్టిన చెయ్యిని ఛాతీకి ఆనించుకుని మా ఇద్దరి వైపూ తిరిగింది. "దోస్కపోనియ్యి. పందికి నాకు ఏం పగ లేదు. పగ మీ ఇద్దరిది. నడిమిట్ల కాలింది నా చెయ్యి" అంది. అరవలేదు. ఉప్పు తెమ్మన్నంత మామూలుగా అంది. "నేను పిలిచేదాక మీల ఒక్కడు గూడ ఈ చేన్ల అడుగు పెట్టొద్దు."

తెంపిన ముక్కలన్నీ కాలితో ఒక కుప్పగా తోసి, కట్టర్ వాటి మీద పడేసి, ఒడ్డు వెంట ఇంటి వైపు నడిచింది.

మేమిద్దరం ఆ కుప్పకు అటూ ఇటూ నిలబడ్డాం. ఎవరమూ వంగలేదు. బావ మోటారు దగ్గర కాలి పడి ఉన్న నా మిషన్ చూపించాడు. "నీ డబ్బ నువ్వు తీస్కపో" అన్నాడు.

"ముందుగాల నీ తీగ నువ్వు ఎత్తుకో" అన్నాను.

అక్క ఇంకా ఎంతో దూరం పోలేదు. ఆమె వెనక్కి తిరగలేదు కానీ నడక ఒక్క అడుగు ఆగింది. మా మాటలు విన్నదని నాకు తెలుసు.